మూతి కింద నలుపు

నా చిన్నప్పుడు మేము నాంపల్లిలో ఒక్క గదిలో ఉండేవాళ్లం. బందరు నుంచి వచ్చిన మా నాన్నకు బొమ్మలు గీయడం తప్ప ఇంకో పని రాదు. ఆరు నెలలుగా ఆ పనీ లేదు. చివరికి ఆబిడ్స్‌లో ఒక కాలేజీవాళ్లు జంతుశాస్త్రం బొమ్మలు గీసే మనిషి కావాలన్నారు. రెండు రకాల మాకో సొరచేపలను పక్కపక్కన గీసి తెమ్మన్నారు. ఈ ఉద్యోగం రాకపోతే అమ్మనూ నన్నూ బందరులో మామయ్య ఇంటికి పంపేయక తప్పదని నాన్న తేల్చి చెప్పాడు. ఆయన్ను వదిలి వెళ్లడం నాకు అస్సలు ఇష్టం లేదు.

ఆ రెండు చేపలూ అక్కచెల్లెళ్లలా ఒకే పోలిక. ఒకదానికి రెక్కలు పొట్టి. రెండోదానికి పొడుగు, కళ్లు కూడా కాస్త పెద్దవి. ఈ పొడుగు రెక్కలది వేరే జాతి అని తేల్చి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదట. నాన్న ఎవరినో అడిగి పుస్తకం తెచ్చుకుని, వారం రోజులు నడుము వంచి పెన్సిల్‌తో గీశాడు.

తీసుకెళ్లాల్సిన రోజు పొద్దున ఆయన గడ్డం గీయించుకోవడానికి వెళ్లాడు. నేను బొమ్మ చూస్తే, పొడుగు రెక్కలదాని మూతి కింద మసి అంటినట్లు నల్లగా ఉంది. పక్కదానికి అక్కడ తెల్లగా ఉంది. నాన్న చేతి మరకే అనుకున్నాను. ఇంత కష్టపడి చివర్లో పాడుచేసుకున్నాడే పిచ్చి నాన్న, అని జాలిపడి, కాగితం చిరగకుండా రబ్బరుతో మెల్లగా తుడిచేశాను. చుట్ట చుట్టి దారం కూడా కట్టాను. పెద్ద ఘనకార్యం చేశాననే నా నమ్మకం!

అమ్మకు జ్వరం కాబట్టి నాన్న నన్నూ వెంటబెట్టుకెళ్లాడు. కాలేజీలో పెద్దసారు బొమ్మ విప్పి మొహం చిట్లించాడు.

"ఏందయ్యా ఇది? రెక్కలు పొడుగు గీస్తే అయిపాయెనా? దీని మూతి కింద నల్లగుండాలె. తెల్లగుండేది పొట్టి రెక్కలదానికి. గిదే తెలువకపోతే నువ్వేం బొమ్మలు గీస్తవ్?"

నాన్న కాగితం మీదికి వంగి అక్కడ వేలితో తడిమాడు. రబ్బరు రుద్దిన గరుకు తగిలే ఉంటుంది. నేనే తుడిచానని చెబితే చాలు. నోరు పెగల్లేదు.

"పొరపాటు నాదేనండి. ఒక్క గంట ఇప్పించండి, ఇక్కడే కూర్చుని దిద్ది ఇస్తాను" అని నాన్న బతిమాలాడు. ఆయన ఒకరిని బతిమాలడం నేను అంతకుముందు చూడలేదు.

"బయట ఇంకా నలుగురు కూసున్నరు, జర అర్థం చేసుకో" అంటూ సారు కాగితం తిరిగిచ్చేశాడు.

అంతసేపూ నాన్న నా వైపు చూడలేదు. చూస్తే నన్ను పట్టించినట్లవుతుందని చూడలేదు. అది అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. దారిలో కూడా తిట్టలేదు. "అది మరక కాదమ్మా, దాని గుర్తే అది. నీకు ముందే చూపించాల్సింది" అన్నాడంతే. ఆ వారంలోనే అమ్మా నేనూ బందరు రైలెక్కాం.

తర్వాత నేను టీచరునై ముప్పై ఏళ్లు పనిచేశాను. "ఎవరు చేశారిది?" అని ఏ పిల్లనూ నలుగురిలో నిలబెట్టి అడగలేదు. అది నా మంచితనమని తోటి టీచర్లు అనుకునేవారు. కాదు. నేనే తుడిచాను సార్ అనే ఆ ఒక్క మాట, నాన్న పోయి ఇన్నేళ్లయినా, ఇంకా నా గొంతులోనే ఉంది.