మొదటి దెబ్బ

మా ఇంటి దేవుడి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

పుంగనూరు బస్టాండులో సోమల బస్సు కోసం ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. బెంగళూరులోని పాత గోల్ఫ్ మైదానంలో ఏళ్లతరబడి ఆటగాళ్ల కర్రల సంచులు మోసి, మోకాళ్లు అరిగి, ఊరికి తిరిగి పోతున్నాడు.

"ఆట మొదలయ్యే కాడ ఒక్క బంతన్నా కొట్టినావా పెద్దాయనా?"

"యాడప్పా. కర్ర అందిచ్చేది, పక్కకు జరిగేది. మొదటి దెబ్బ కొట్టేటప్పుడు ఆడ ఎవురూ నోరు తెరవరు. నాకోసం అట్ల ఒకరన్నా గమ్మునుంటే సూడాలని ఉండాది."

"నేనుంటా, కొట్టు."

తన సంచిలోంచి ఒక టమోటా తీసి నేలమీద పెట్టి, చేతిలోని గొడుగు తిరగేసి పట్టుకుని కాళ్లు సర్దుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. గొడుగు లేచింది. టమోటా బస్టాండు కప్పు దాటిపోయింది.

ఆ చివరి మాట ఒక్కటే నా కల్పన. గొడుగు లేచేసరికి సోమల బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ఆయన గొడుగు దించి, టమోటా తుడిచి సంచిలో వేసుకున్నాడు.