ఎడమవైపు ఎత్తు

పెద్ద బండ్లకు స్ప్రింగుల బదులు ఉండే రబ్బరు గాలిసంచులు బాగుచెయ్యడం ఆయన పని. అందుకే అందరూ గాలిమేస్త్రి అనేవారు. వంకర కనిపిస్తే ఆయనకి ఒళ్లు మండేది. పొరుగింటి గోడ మీద పటం పక్కకి ఒరిగినా, అడక్కుండానే సరిచేసి వచ్చే రకం.

ఆ రోజు ఒక మోటర్‌హోమ్ వచ్చింది, లోపలే మంచం, వంటగది ఉన్న బండి. తెచ్చినావిడ రిటైరైన పంతులమ్మ. భర్త పోయి నాలుగు నెలలు. ఆవిడకి ఇల్లయినా వాకిలయినా ఆ బండే.

"కుడివైపు మరీ కుంగుతోంది అన్నయ్యగారూ" అంది.

మేస్త్రి స్టాండ్లు పెట్టి కిందికి దూరాడు. సబ్బునీళ్లు పూస్తే కుడి సంచి మడతలో బుడగలొచ్చాయి. కొత్త సంచి వేశాడు, ఇరుసు బోల్టులు బిగించాడు. అప్పుడు కనబడింది, ఎడమవైపు ఎత్తు నిలిపే కడ్డీ. ఉండాల్సిన దానికన్నా పొడుగ్గా తిప్పి ఉంది, దాంతో ఆ వైపు ఎత్తుగా లేచి ఉంది.

"ఎవడో చేతకానివాడి పని" అని గొణుక్కున్నాడు.

దేన్ని తిప్పినా ముందు పాత కొలత రాసుకోవడం ఆయనకి ముప్పై ఏళ్ల అలవాటు. తప్పుకి కొలతెందుకని ఆ ఒక్కసారి మాత్రం రాసుకోలేదు. పైగా నట్టు పాతచోటు చూపించే తుప్పు మరకని తీగబ్రష్షుతో రుద్ది పారేశాడు. కడ్డీని పొట్టిగా తిప్పి బిగించాక బండి సమంగా నిలబడితే మురిసిపోయాడు.

లోపలికెళ్లిన పంతులమ్మ ఎంతకీ రాలేదు. చూస్తే, ఎడమవైపు తలదిండ్లు పెట్టి అడ్డంగా వేసిన మంచం మీద కూర్చునుంది.

"తలవైపు దిగిపోయిందేమండీ?"

"సరిచేశా చెల్లెమ్మా. ఎవరో తప్పుగా తిప్పారు."

"మావారే తిప్పారు. చదునుగా పడుకుంటే ఆయనకి ఊపిరాడేది కాదు. దిండ్లు జారిపోతున్నాయని బండినే ఎత్తిపెట్టుకున్నారు. రెండేళ్లు అలాగే పడుకున్నాం. ఇప్పటికీ అలా పడుకుంటేనే ఆయన పక్కనున్నట్టుంటుంది నాకు."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. మళ్లీ పనిలోకి దిగాడు. కడ్డీ కొంచెం తిప్పడం, బయటికొచ్చి గాలి ఎక్కేదాకా ఆగడం, స్టాండ్లు సర్ది మళ్లీ దూరడం. ఆవిడ మంచం మీద పడుకుని చెబుతోంది.

"ఇంకాస్త... అబ్బే, ఎక్కువైంది... ఇదీ కాదు."

పన్నెండుసార్లు తిప్పాడు. పదమూడోసారి లోపల్నుంచి మాట రాలేదు. తలుపు దగ్గరికెళ్లి, "ఇదేనా అమ్మా?" అన్నాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"ఇక చాలండి. ఇన్నిసార్లు మారాక, అప్పుడెంత ఉండేదో నాకూ గుర్తు రావట్లేదు."