ఆంజినప్ప గొంతు ఉన్న ఫోల్డర్

2023. దసరా వెళ్లిన మరునాడు. చింతామణి ఊళ్లో బస్టాండుకు దగ్గరలో, పట్టుచీరల కొట్టు పైన మేడ మీద సీనప్ప గారి వీడియో స్టూడియో. మూడు ఎడిటింగ్ కంప్యూటర్లు, ఒక మూల గాజు తలుపుల బీరువాలో సర్వర్. ఆ సర్వర్‌ని అమర్చింది నేనే. కంప్యూటర్ నెట్‌వర్కులు చూడడం నా వృత్తి. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి బస్సుల కండక్టర్లలో సగం మందికి నా ముఖం తెలుసు.

సర్వర్ అంటే హడలిపోవలసిందేమీ లేదు. నాలుగు హార్డ్ డిస్కులున్న ఒక పెట్టె, అంతే. ఈ మూడు ఊళ్లలోని మూడు స్టూడియోల వాళ్లు కలిసి కొనుక్కున్నారు. ఎవరు ఎక్కడ వీడియో తీసినా ఇంటర్నెట్ మీద ఈ పెట్టెలోకి అప్‌లోడ్ చేస్తారు. సీనప్ప గారి దగ్గరున్న ఎడిటర్లు దాన్ని కోసి కూర్చి ఇస్తారు. కెమెరాలో పడింది పడినట్టు ఉండే ఫైళ్లను రా ఫైళ్లంటారు. అవి విపరీతంగా చోటు తింటాయి. అందుకని పెట్టెకు ఒక నియమం పెట్టాను: రెండు నెలలు దాటిన రా ఫైళ్లు నన్నడగకుండా నువ్వే తుడిచెయ్ అని. దీన్ని క్లీనప్ రూల్ అంటాం. ఒకసారి తుడిచిందంటే మళ్లీ వెతుక్కోవడానికి చెత్తబుట్ట కూడా ఉండదు.

ఆ రోజు పొద్దున సీనప్ప గారు ఫోన్ చేశారు.

"ఏమమ్మా, పెట్టె ఏమీ తీసుకోకుండా మొండికేసి ఉండాది. బాగేపల్లోళ్లు పొద్దున్నించీ నా ప్రాణం తీస్తాండారు. ఒక తూరి వచ్చి చూడు."

వెళ్లి చూద్దును కదా, సర్వర్ పెళ్లికొడుకులా ఉంది. పవర్ బటన్ మీద గంధం, కుంకుమ. నెత్తిన నిమ్మకాయ. గాలి ఆడే సందులన్నీ మూసేస్తూ బంతిపూల దండ. ఆయుధపూజ నాడు పనిముట్లకు పూజ చేయడం మా ప్రాంతంలో అందరికీ ఉన్నదే, నా స్క్రూడ్రైవర్లకు నేనూ బొట్టు పెట్టుకుంటాను. కానీ ఊపిరాడకుండా దండ వేయడం చూసి నాకు ఒళ్లు మండింది. దండ తీయబోతే సీనప్ప గారు అడ్డుపడ్డారు.

"ఉండనీలేమ్మా, ఇంకొక దినం."

"వేడికి చచ్చిందంటే ఇదే దండ మళ్లా పనికొస్తాదనా అన్నా?" అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

బాగేపల్లి వాళ్లు పంపిన ఫోటోలో ఎర్రర్ స్పష్టంగా ఉంది: సెషన్ ఎక్స్‌పైర్డ్. అంటే, నువ్వు లాగిన్ అయిన గడువు తీరిపోయింది, బయటికి నడువు అని. నేనూ నా ల్యాప్‌టాప్ నుంచి ప్రయత్నించాను. పాస్‌వర్డ్ ఒప్పుకుంది, తలుపు తీసింది, నేను గడప దాటేలోపే మెడపట్టి బయటికి గెంటింది. డిస్కులో చోటుంది. వైర్లు బాగానే ఉన్నాయి. పాస్‌వర్డూ సరైనదే. ఇలాంటప్పుడు నాకు కోపం వస్తుంది. చెడిపోయిన యంత్రం మీద జాలిపడతాను గానీ అన్నీ బాగుండి పని చేయని యంత్రాన్ని చూస్తే తన్నాలనిపిస్తుంది.

అప్పుడే మెట్లెక్కి ఒక జంట వచ్చింది. ఆయనకు అరవై దాటి ఉంటాయి. మెడ చుట్టూ తువ్వాలు. ఆమె చేతిలో వైరు బుట్ట.

"మాది మండికల్లమ్మా," అంది ఆమె. "నా పేరు మునిరత్నమ్మ. ఈయన మా ఇంటాయన, ఆంజినప్ప. మొన్న మా ఊర్లో నాటకం ఆడినారు కదా, అది చిక్కబళ్లాపురం మంజునాథ వీడియో తీసినాడు. ఈడికొస్తే చూపిస్తారని చెప్పినాడు."

చూపించడం సంగతి తర్వాత, ముందు పెట్టె పని చేయాలని చెప్పాను. కాస్త విసుగ్గానే చెప్పానేమో, ఆమె బెంచీ అంచున కూర్చుని నెమ్మదిగా అంది:

"రేపు బెంగళూరులో ఆపరేషనమ్మా ఈయనకి. గొంతులో గడ్డ. గొంతుపెట్టె తీసేస్తారంట. ఆమీట మాట రాదంట."

కీబోర్డు వదిలేసి ఆమె వైపు తిరిగాను. ఊళ్లో వేసే పౌరాణిక నాటకాల్లో ఆంజినప్పది ఎప్పుడూ రాజు వేషమేనట. పగలు ఆవుల దగ్గర, సాయంత్రం నాటకం మేష్ట్రు దగ్గర, వయసులో ఉన్నప్పటి నుంచీ అదే ఆయన బతుకు. ఇన్నేళ్లలో ఎవరూ కెమెరా పెట్టి తీయలేదు. ఈసారి గొంతు బొంగురుపోయింది, వద్దని అందరూ చెప్పినా ఆయన వినలేదు. కడసారి అని ఊరి కుర్రవాళ్లే మంజునాథని పిలిచి తీయించారు.

వెంటనే చిక్కబళ్లాపురం స్టూడియోకి, మంజునాథకి ఫోన్ చేశాను.

"అంతా ఎక్కించేసినానక్కా," అన్నాడు. "వెబ్ పేజీలో పోలే, ఎక్స్‌పైర్డ్ ఎక్స్‌పైర్డ్ అంటాండె. అందుకే మనం ముందు వాడతాంటిమే ఎఫ్‌టీపీ, ఆ దారిలో పంపిస్తి. పూర్తిగా పోయింది."

ఎఫ్‌టీపీ అనేది ఫైళ్లు పంపే పాత పద్ధతి. పేరు, పాస్‌వర్డ్ చెబితే చాలు, సెషన్లూ గడువులూ అడగదు.

"కెమెరా కార్డు నీ దగ్గరే ఉందా?"

"ఫార్మాట్ కొట్టేసినానక్కా. ఈ పొద్దు గృహప్రవేశం ఉండాది, అదే కార్డులో తీస్తాండా."

ఫార్మాట్ కొట్టి, అంటే మొత్తం తుడిచి, దాని మీద మళ్లీ షూట్ చేస్తున్నాడంటే కార్డులో ఇక వెతకడానికేమీ లేదు. ఆంజినప్ప గొంతు ఈ లోకంలో ఇప్పుడు రెండే చోట్ల ఉంది. ఒకటి ఆయన గొంతులో, రెండోది బొట్టు పెట్టిన ఈ పెట్టెలో.

ఎఫ్‌టీపీ దారిలోనే లోపలికి తొంగిచూశాను. మండికల్ నాటకం అనే ఫోల్డర్ ఉంది, లోపల ఫైళ్లు వరసగా ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత వాటి పక్కనున్న తేదీ చూశాను. నిన్న వచ్చిన ఫైళ్ల మీద 2017 అని ఉంది.

"అన్నా, పూజ రోజు ఈ పెట్టెకు ప్లగ్గు పీకినారా?"

"పీకకుండా? పూజ దినం మిషనుకు కరెంటు ఇస్తారా యాడైనా? దానికీ రెస్టు ఇయ్యల్ల కదమ్మా." సీనప్ప గారు ఆశ్చర్యంగా నా వైపు చూశారు.

అదీ సంగతి. కరెంటు లేనప్పుడు కూడా టైం గుర్తుంచుకోవడానికి సర్వర్ లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. అది ఎప్పుడో చచ్చిపోయి ఉంది. ప్లగ్గు ఎన్నడూ పీకలేదు కనుక ఎవరికీ తెలియలేదు. మళ్లీ కరెంటు ఇవ్వగానే పెట్టె తాను తయారైన ఏడాదికి వెళ్లిపోయింది. లాగిన్ అయిన వాళ్లకు అది రేపటి దాకా చెల్లే చీటీ ఇస్తోంది, కానీ ఆ రేపు 2017లో ఉంది. మన కంప్యూటర్ చీటీ చూసి, ఇది ఎప్పుడో చెల్లిపోయిందని పారేస్తోంది. తేదీ సరిచేస్తే చాలు, మూడు స్టూడియోలూ బాగుపడతాయి.

ఆ సంతోషం ఎంతోసేపు లేదు. తేదీ సరైన మరుక్షణం పెట్టె ఏం చేస్తుందో ఆలోచించాను. క్లీనప్ రూల్ లేచి చూస్తుంది. మండికల్ నాటకం మీద 2017 అని ఉంటుంది. ఆరేళ్ల నాటి రా ఫైళ్లు ఇంకా ఉన్నాయేమిటని మొత్తం తుడిచేస్తుంది. కంచే చేను మేయడమంటే ఇదే. ఆ కంచె నాటిందీ నేనే. పైగా పెట్టె రోజుకోసారి ఇంటర్నెట్‌ని టైం అడిగి తనకు తానే సర్దుకుంటుంది. ఇంకా అడగలేదు. ఏ నిమిషాన అడుగుతుందో నాకు తెలియదు.

లేచి ఇంటర్నెట్ వైరు లాగేశాను.

"అయ్యో, ఏం చేసినావమ్మా!" సీనప్ప గారు అరిచారు. ఆయన ఫోన్ మోగింది. బాగేపల్లి స్టూడియో వాళ్లు. పెళ్లివారు ఎదురుగా కూర్చున్నారట, ఈ పూట వీడియో పంపకపోతే తమ పరువు గంగలో కలుస్తుందట. ఫోన్ పట్టుకునే సీనప్ప గారు నా వైపు తిరిగారు. "ఎనక చిన్న బొక్క ఉండాది కదా, రీసెట్టు. పోయిన తూరి నువ్వే పిన్ను పెట్టి నొక్కితివి. నొక్కేయమ్మా, అయిపోతాది."

"ఉత్త ప్లగ్గు పెట్టినట్టు కాదన్నా, రీసెట్టు నొక్కితే అదే పోయి ఇంటర్నెట్‌ని టైం అడిగి సరిచేసుకుంటాది. ఆ నాటకం పోతాది."

"ఒక నాటకానికని మూడు షాపులు మూసుకోమంటావా?"

నేను జవాబు చెప్పేలోపే బెంచీ మీది నుంచి బొంగురు గొంతు వినిపించింది. ఆంజినప్ప మాట్లాడడం అదే మొదలు.

"అమ్మా, నా నాటకం పోయిందా?"

"పోలేదప్పా. లోపలే ఉండాది. పోకుండా చూస్తాండా."

"పోతే పోనీలేమ్మా. నీ పని చెడగొట్టుకోవద్దు. రేపు గొంతే పోతాంటే..."

"నువ్వు ఊరుకో," అంది మునిరత్నమ్మ. చాలా గట్టిగా అంది. సీనప్ప గారు కూడా ఫోన్ పెట్టేశారు.

నా పరిస్థితి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. రూల్ ఆపాలంటే లాగిన్ కావాలి. లాగిన్ కావాలంటే టైం సరిచేయాలి. టైం సరిచేస్తే రూల్ లేస్తుంది. వేరే డిస్కులోకి తీసిపెడదామంటే స్టూడియోలో మిగతా ప్రతి డిస్కూ పెళ్లిళ్లతో నిండి ఉంది, నా ల్యాప్‌టాప్‌లో అంత చోటు లేదు. ఎఫ్‌టీపీలో ఫైళ్లు పెట్టడం, చూడడం తప్ప ఒక చోటి నుంచి మరో చోటికి జరపడానికి వీల్లేదు. ఎవరూ పాడు చేయకూడదని ఆ కట్టుదిట్టమూ నాదే.

సీనప్ప గారు తెచ్చిన టీ చల్లారిపోయింది. చీటీ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. చీటీ చెల్లలేదని పారేస్తున్నది పెట్టె కాదు. నా ల్యాప్‌టాప్. ఎందుకంటే నా ల్యాప్‌టాప్ 2023లో ఉంది. పెట్టెను ముందుకు లాక్కురాలేకపోతే నేనే వెనక్కి పోవచ్చు కదా!

ల్యాప్‌టాప్‌కి, సర్వర్‌కి మధ్య నేరుగా ఒక వైరు కలిపాను. ల్యాప్‌టాప్ తేదీని 2017కి, పెట్టె చూపిస్తున్న రోజుకే మార్చాను. లాగిన్ కొట్టాను. పేజీ తెరుచుకుంది. గెంటేస్తుందని చూశాను. గెంటలేదు. సెట్టింగుల్లోకి వెళ్లి క్లీనప్ రూల్ ఆఫ్ చేసి సేవ్ చేశాను. నమ్మకం లేక బయటికొచ్చి, మళ్లీ లాగిన్ అయి చూశాను. ఆఫ్‌లోనే ఉంది.

"ఇప్పుడు టైం సరిచేస్తాండా," అన్నాను, ఎవరికి చెప్పానో నాకే తెలియదు. ముగ్గురూ వచ్చి నా వెనక నిలబడ్డారు. ఇంటర్నెట్ రాగానే టైం అడగమని పెట్టెకు చెప్పి, నా ల్యాప్‌టాప్‌ని ఈ ఏడాదికి తెచ్చి, ఇంటర్నెట్ వైరు పెట్టాను. పెట్టె తేదీ ఒక్కసారిగా ఆరేళ్లు ముందుకు దూకింది. ఫోల్డర్ తెరిచి కళ్లార్పకుండా చూశాను. ఒక్క ఫైలైనా మాయమైతే ప్లగ్గు పీకడానికి సీనప్ప గారు స్విచ్ బోర్డు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. ఫైళ్లన్నీ అలాగే ఉన్నాయి. బాగేపల్లి వాళ్ల అప్‌లోడ్ మొదలైంది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

సీనప్ప గారే ఒక ఫైల్ తెరిచారు. రాజు వేషంలో ఆంజినప్ప పద్యం ఎత్తుకున్నాడు. గొంతు బొంగురుదే, రాగం చివర పగిలింది కూడా, అయినా జనం ఈలలు వేస్తున్నారు. బెంచీ మీది ఆంజినప్ప కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. "నేనెందుకు వినల్ల? వినేటోళ్లు వింటారులే," అన్నాడు. బస్సుకు టైమవుతోందని లేచారు.

ఉగాది దాటాక ఒక రోజు స్టూడియోలో నేను పనిలో ఉండగా వాళ్లిద్దరూ మళ్లీ వచ్చారు. ఆంజినప్ప చిక్కిపోయాడు. మెడ మీద పల్చటి గుడ్డ. నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు. మాట లేదు.

"మంజునాథ చేసిచ్చిన వీడియో బాగుండాదమ్మా," అంది మునిరత్నమ్మ. "పద్యాలన్నీ వచ్చినాయి. కానీ..." అంటూ నసిగింది. "నాకు పద్యాలొద్దు. ముఖానికి రంగు పూస్తాన్నప్పుడు కూడా కెమెరా పెట్టినాడు, నేను చూసినా. అది ఇందులో లే. కోసేసినారంట. అది ఉండాదా?"

ఉంది. రా ఫైళ్లలో మొట్టమొదటిది. ఎడిటర్లు పనికిరాదని పక్కన పెట్టింది. రూల్ ఆన్‌లో ఉండి ఉంటే ఎప్పుడో పోయేది. ఆ రోజు పడ్డ భయంతో నేను ఆ రూల్‌ని మళ్లీ ముట్టుకోలేదు.

తెరిచి పెట్టాను. మేకప్ మనిషి బుగ్గకు రంగు రాస్తున్నాడు, ముఖం కదపకుండా ఆంజినప్ప పక్కకు చూస్తూ మాట్లాడుతున్నాడు.

"ఏమే, నువ్వు తిన్నావా లేదా? ముందు పోయి తిను పో. నాటకం యాడికీ పోదు."

మునిరత్నమ్మ స్క్రీన్ వైపే చూస్తూ, "తిన్నాలే," అంది.

పక్కనున్న ఆంజినప్ప చెయ్యి చాచి ఆమె చేతిని పట్టుకున్నాడు. ఆమె ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. మళ్లీ అదే జవాబు చెప్పింది.

ఆ క్లీనప్ రూల్‌ని నేనిప్పటికీ ఆన్ చేయలేదు. డిస్కు నిండినప్పుడల్లా మూడు స్టూడియోలకూ ఫోన్ చేస్తాను. ఒక్కో ఫోల్డర్ పేరు చదివి, ఆ ఇంటివాళ్లను అడిగి చూశారా, తీసెయ్యమంటారా అని అడిగాకే తీస్తాను. దీనికి సగం రోజు పడుతుందని సీనప్ప గారు సణుగుతూనే ఉంటారు. ఏది చెత్తో పెట్టెకు తెలియదు, ఎడిటర్‌కీ తెలియదు. ఇన్నేళ్ల పని తర్వాత నాకూ తెలియదు. అడగాలని మాత్రం తెలిసింది.