సిందూరం పూసిన గేర్లు

సెకండ్ హ్యాండులో స్పోర్ట్స్ కారు కొన్న కొత్తలో, పికప్ పెరగాలని వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్ గేర్లు మార్పించాలనుకున్నాను. ఏసీ గదులున్న పెద్ద గ్యారేజీ వాళ్లు ఒక్క పూటలో ఇస్తామన్నారు. మా నాన్న ఆటోను ఏళ్ల తరబడి బాగుచేసిన ఫలక్‌నుమా ఖాదర్ భాయ్ మాత్రం "మూడు దినాలైతది" అన్నాడు. భాయ్‌కే ఇమ్మన్న నాన్న మాట కాదనలేక ఆయనకే అప్పగించాను గానీ, ఆటోల మెకానిక్ స్పోర్ట్స్ కారును ఏం చేస్తాడోనని మనసులో ఒకటే ఫికర్.

మూడో రోజు వెళ్లేసరికి భాయ్ గేరు పళ్లకు శ్రద్ధగా సిందూరం పూస్తున్నాడు. నా కోసం పూజ చేస్తున్నాడనుకుని కరిగిపోయాను. పరుగున వెళ్లి కొబ్బరికాయ తెచ్చి, చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని దండం పెట్టాను. కళ్లు తెరిచేసరికి షెడ్డంతా ఒకటే నవ్వులు!

"అరే భాయ్, పూజ గాదు గిది! సిందూరం నూనెల కలిపి పూస్తే, గేర్ పండ్లు యాడ తాకుతున్నయో అచ్చు పడ్తది. నడుమ పడాలె, లేకుంటే పండ్లు జల్ది అరిగిపోతయ్. జూడు, అంచుకు పడ్డది. మల్ల ఇప్పాలె," అన్నాడు భాయ్. అప్పటికే రెండుసార్లు విప్పాడట.

సిగ్గుతో చచ్చిపోయాను గానీ, ఫికర్ మాత్రం పోయింది. కొబ్బరికాయ కొట్టి అందరం పంచుకు తిన్నాం. ఇప్పటికీ ప్రతి దసరాకు ఆ కారుకు బొట్టు పెడతాను. అంచుకు పడితే తుడిచి, మళ్లీ నడుమన పెడతాను.