మూడింతల చదరం

మా ఎదురింటి మాస్టారు పోయారని సొసైటీ వాట్సాప్ గ్రూపులో చూశాను. రెండో వేవ్ రోజులు, మా అడాజన్ పేట అంతా అంబులెన్సుల మోత. ఆసుపత్రికి నడిచి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. చివరి చూపుకి ఎవరినీ రానివ్వలేదు. మా అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను పోయినా ఇంతలా ఏడుస్తుందా అనిపించింది నాకు. ముందు వచ్చిన ఆలోచన అదే. దాచి ప్రయోజనం లేదు, మాస్టారంటే ఆయన ఉన్నన్నాళ్ళూ నాకు అసూయే.

నేను లెక్కల టీచర్ని. లాక్‌డౌన్‌లో పడకగదిలో కూర్చుని ఫోన్‌లో పాఠాలు చెప్పేదాన్ని. తెర మీది నల్లటి గళ్ళ వెనక పిల్లలు ఉన్నారో, నిద్రపోతున్నారో తెలిసేది కాదు. "అర్థమైందా?" అని అడిగితే ఎవరో ఒకరు "యస్ మేడమ్" అనేవారు, వెనక కుక్కర్ కూత వినిపించేది. సరిగ్గా అప్పుడే మా బిల్డింగ్ డాబా మీద నుంచి పిల్లల కేరింతలు.

మాస్టారిది కరీంనగర్ వైపు. మరమగ్గాల్లో పనికి ఈ పరాయి రాష్ట్రానికి వచ్చిన మనవాళ్ళ పిల్లలకు ఇక్కడి తెలుగు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. ఆయన సరంజామా అంతా ఒక చాక్‌పీసు, ముడులు వేసిన ఒక తాడు, నీళ్ళ ట్యాంకు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ. మూడు, నాలుగు, అయిదు పాళ్ళుగా ముగ్గురు పిల్లలు తాడుని బిగించి పట్టుకుంటే ఒక మూల నిక్కచ్చిగా లంబంగా తేలేది. వెనకటికి యజ్ఞవేదికలు కట్టినవాళ్ళు ఇలా తాళ్ళతోనే కొలిచేవారని చెప్పేవారు. ఆ సంగతి నాకు తెలియదా? నేనూ చెప్పాను. 'ప్రాచీన భారతీయుల కృషి' అని ఒక స్లైడ్ చూపించి, పరీక్షకు వస్తుంది రాసుకోండి అన్నాను. నా స్లైడ్ ఒక్కరికీ గుర్తులేదు. ఆయన తాడు కొస కోసం పిల్లలు కొట్టుకునేవారు.

ఒకసారి మా సొసైటీ సెక్రటరీ పైకి వచ్చి, అన్నీ మన పూర్వీకులే కనిపెట్టారు కదా అని ఛాతీ విరుచుకున్నాడు. మాస్టారు చాక్‌పీసు ఆయన చేతిలో పెట్టి, "తో ఏక్ బార్ ఖీంచ్‌కే దిఖాయియే, సాబ్," అన్నారు. గీయమనేసరికి సెక్రటరీకి ఏదో ఫోన్ చేయాల్సిన పని గుర్తొచ్చింది. ఆ రోజు మాత్రం మాస్టారంటే నాకు ముచ్చటేసింది.

బట్టలు ఆరేసే వంకతో వెళ్ళి చాటుగా వినేదాన్ని. ఒక సాయంత్రం ఆయన చదరం గీసి మా అమ్మాయిని అడిగారు. "గీ వేదికకు రెండింతల జాగ గావాలె. ఆకారం మాత్రం మారొద్దు. ఎట్ల జేస్తవ్ బిడ్డా?"

వేదికలు కట్టినవాళ్ళకు నిజంగా ఎదురైన చిక్కే అది. మా అమ్మాయి చదరం భుజాన్ని రెట్టింపు చేసింది. గీసి చూసుకుంటే రెండింతలు కాదు, నాలుగింతలైంది. మాస్టారు తప్పు అనలేదు. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ట్యాంకు వైపు చూస్తూ కూర్చున్నారు. పిల్లలు ఆలోచిస్తుంటే వాళ్ళ గీతల వైపు చూడకూడదని ఆయన నియమం. నాకు అన్నిటికంటే కుళ్ళు పుట్టించింది ఆ ఓపికే. ఇక నా వల్ల కాలేదు. తడి దుప్పటి వెనక నుంచి, "కర్ణం మీద కట్టవే!" అని అరిచాను.

"మమ్మీ! తాత చెప్పొద్దన్నాడు కదా! సబ్ బిగాడ్ దియా!" అంతా చెడగొట్టానని అది తాడు విసిరికొట్టింది.

మాస్టారు నవ్వారు. "పోనీ తియ్ బిడ్డా. మీ మమ్మీకి గూడ లెక్కంటే పానం, గందుకే నోరాగలే. ఇగ మూడింతలు జెయ్యి. మేడం, మీరు జర చెప్పకుండ్రి." నన్ను వెనకేసుకొచ్చిన ఆ మంచితనానికి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఆ వారంలోనే ఆయనకు జ్వరం వచ్చింది.

ఆయన పోయాక కొన్నాళ్ళకు మా అమ్మాయి తాడు తీసుకుని డాబా ఎక్కింది. మిగతా పిల్లల్ని ఇళ్ళలోంచి పంపడం లేదు. "ఒక కొస నువ్వు పట్టుకో మమ్మీ. ఏమీ చెప్పకు," అంది. చదరం గీసింది. కర్ణం కొలిచింది. అక్కడ ఆగిపోయింది. జవాబు నా నాలుక చివరే ఉంది. పళ్ళు బిగించి, మాస్టారిలాగే ట్యాంకు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన పిల్లలకు ఇన్నాళ్ళూ ఏమిచ్చారో, దానికి ఎంత ఓర్చుకోవాలో అప్పుడు తెలిసింది. కృతజ్ఞత అంటే అదేనేమో, అసూయతో కలిసే వచ్చింది.

ఎంతసేపటికో అది కర్ణమంత పొడవుని చదరం అడుగు భుజం వెంబడి పరిచి, ఆ చివర నుంచి, మొదలుపెట్టిన మూలకు సరిగ్గా పైనున్న మూలకు తాడు లాగింది. ఆ పొడవు మీద కొత్త చదరం గీసి, కొలిచి, మళ్ళీ కొలిచి, మూడింతలని తేలాక ఒక్క గెంతు గెంతింది.

"వచ్చింది తాతా!" అని అరిచింది, ఖాళీ కుర్చీ వైపు తిరిగి.

తాడు రెండో కొస బిగి సడలకుండా పట్టుకుని, నేను పక్కనే ఉన్నాను.