బారువ మీది విమానదారి

బారువ తీరంలో చేపల వేట మీద బతికే పోలారావు కూతురు హిమజ. ఇంజినీరింగు చదివి, పరీక్ష రాసి, విమానాలకు దారి చెప్పే ఉద్యోగంలో చేరింది. శిక్షణంతా ముగిశాక, కిందటి మే నెలలో ఒక మధ్యాహ్నం మొదటిసారి రాడార్ తెర ముందు సొంతంగా కూర్చుంది. సీనియర్ కామేశ్వరరావు వెనక కుర్చీలో ఉన్నాడు. మైకు మాత్రం ఆమెదే.

తెర మీద తూర్పుతీరం సన్నటి గీత. బారువ పేరు ఎక్కడా లేదు. ఆ గీత వెంబడే విమానాల దారి. ఏ గుర్తుల మీదుగా, ఎంత ఎత్తున పోవాలో లేవకముందే ఖాయం చేస్తారు. మబ్బులో కన్ను కానకపోయినా, పైలట్ పరికరాలు చూసుకుంటూ ఆ దారినే వస్తాడు.

ఆ రోజు దారికి అడ్డంగా ఉరుముల మబ్బు లేచింది. కోల్‌కతా నుంచి చెన్నై పోతున్న విమానం అడిగింది: ఇరవై మైళ్లు ఎడమకి, సముద్రం మీదకి తప్పుకోవచ్చా?

హిమజ నోటిదాకా వచ్చిన మాట ఆగింది. విశాఖలో లేచిన మరో విమానం అటే, అదే ఎత్తుకు ఎక్కుతోంది. ముందు దాన్ని ఆ ఎత్తుకు రెండు వేల అడుగుల దిగువనే ఆపింది. సరేనని జవాబు వచ్చాకే మొదటి దాన్ని ఎడమకి తిరగమంది. పైలట్ ఆమె చెప్పిన అంకెలన్నీ పొల్లుపోకుండా తిరిగి చెప్పాడు. తెర మీద చుక్క మెల్లగా సముద్రం వైపు ఒరిగింది.

ఆమె ఆ చుక్కనే చూసింది. ముఖమైనా చూడని మనిషి, తన గొంతొక్కటే నమ్మి ఆకాశంలో దారి మార్చుకున్నాడు!

మబ్బు దాటాక, పాత దారిలోని తర్వాతి గుర్తుకు తిన్నగా పొమ్మంది.

"బావుంది. కాసిని నీళ్లు తాగమ్మా," అన్నాడు కామేశ్వరరావు.

షిఫ్టు దిగగానే తండ్రికి ఫోను చేసింది.

"నాన్నా, ఈయాల మనూరి మీంచి పోయే ఇమానాన్ని సముద్రం మీదకి తిప్పినాను."

"నువ్వు సెప్తే ఇన్నాడేటే?"

"ఇన్నాడు. మాట మాటా తిరిగి సెప్పాడు."

"ఎంతమంది ఉంటారమ్మా అందులో?"

"నూట డెబ్బయి దాకా."

ఫోనులో అవతల అలల చప్పుడు వినిపిస్తోంది. ముప్పై ఏళ్లు తెప్ప నడిపిన మనిషి తనకు అలవాటైన ప్రశ్నే అడిగాడు.

"అందరూ ఒడ్డుకి సేరారా, తల్లీ?"

"సేరారు నాన్నా. ఏడు నిమసాలు ఆలీసం, అంతే."

"ఒలే దాలమ్మా, ఇలగొచ్చి ఇను!" అని భార్యను కేకేశాడు పోలారావు. "తల్లీ, మళ్లీ మొదట్నించీ సెప్పు."