మా అమ్మాయిల హాకీకి పట్టిన అభిమానులు

నేను ఏడో తరగతి మూడేళ్లు చదివాను. మూడో ఏడు సగంలో మా సారు నన్ను పక్కకు పిలిచి, "నువ్వు లేస్తే గాని కొత్త పోరగాళ్లకు బెంచీ దొరకదురా" అని బతిమాలాడు. పెద్దమనిషి మాట కాదనలేక చదువు మానేశాను. ఇప్పటికీ సూరత్‌లో ఎవరైనా ఎంతవరకు చదివావని అడిగితే, "ఏడు వరకే, కానీ ఏడు మాత్రం చాలా శ్రద్ధగా" అని చెబుతాను.

అంత చదువుకున్నవాణ్ని కాబట్టే, పోయిన ఏడాది మేముండే భేస్తాన్ పేటలోని బడి అమ్మాయిల హాకీ జట్టుకు సలహాలిచ్చే బాధ్యత నా మీద పడింది. ఎవరూ వేయలేదు. నేనే ఎత్తుకున్నాను.

మా అన్న బిడ్డ ఆ జట్టు కెప్టెన్, గోల్‌కీపర్ కూడా. ఎనిమిదో తరగతి. అన్నవాళ్లూ మేమూ ఒకే మెట్ల మీద పైనా కిందా గదుల్లో ఉంటాం. ఆ పిల్ల మా ఇంట్లో తిని, వాళ్లింట్లో చదువుకుని, నన్ను మాత్రం రెండిళ్లలోనూ తిడుతుంది. జట్టులో పదకొండు మంది ఉంటే తొమ్మిది మంది మావాళ్ల పిల్లలే. కరీంనగర్ వైపు ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతుకుతున్నవాళ్ల ఆడపిల్లలు.

సీజన్ మొదలయ్యే ముందు జట్టుకు చొక్కాలు లేవన్నారు. మా కార్ఖానా సేఠ్‌ను అడిగి నేత తప్పు పడిన చీర గుడ్డ తెచ్చి కుట్టించాను. చిలకపచ్చ రంగు, ఒళ్లంతా మామిడి పిందెలు, అంచున జరీ. మొదటి మ్యాచ్ నుంచి తిరిగొచ్చి మా పిల్ల నన్ను ఎగాదిగా చూసింది.

"కాకా, అవతలి టీమోళ్లు మమ్మల్ని చూసి పెండ్లి ఎవరిదని అడిగిన్రు."

"నువ్వేమన్నవే?"

"మా కాకదని చెప్పిన. రెండోదని చెప్పిన. చిన్నమ్మకు గూడ చెప్పొస్త ఉండు."

ఆ మ్యాచ్‌లో మాకు ఏడు గోల్స్ పడ్డాయి. మేం కొట్టింది సున్నా. మొదటి రోజు కదా, పిల్లలు భయపడ్డారు అనుకున్నాం. రెండోది సచిన్ అనే ఊళ్లో. బస్సెక్కి పోయి మరీ ఐదు తిని వచ్చాం. నాతోపాటు వచ్చేవాడు మా బావ, అంటే మా అక్క మొగుడు. ఇరవై ఏళ్లుగా నా పక్క సాంచ నడుపుతున్నాడు. ఆ మోతకు ఆయన చెవులు సగం పోయాయి, మిగిలిన సగం ఆయన వాడడు. హాకీలో ఆయనకు తెలిసిన మాట ఒక్కటే.

"ఫౌల్!" అని అరిచేవాడు.

"గది ఫౌల్ కాదు బావా, గోల్."

"మనకు పడ్డ గోల్ ఫౌల్ గాకపోతే ఏంది బామ్మర్దీ?"

మూడో మ్యాచ్‌లో ఆరు పడ్డాక బావ తన పరిశోధన బయటపెట్టాడు.

"గోలు దక్షిణం దిక్కున్నది. ఎట్ల ఆగుతది?"

"సగం ఆట అయినంక దిక్కు మారిన్రు గద బావా. మరి అటెన్క మూడెట్ల పడ్డయ్?"

"గప్పుడు ఉత్తరం గాలి వచ్చింది."

"గాలికి మూడా?"

"గాలి తక్కువుండె. లేకుంటే ఐదు పడుతుండె!"

మా వాదన ఆటకంటే గట్టిగా సాగడంతో, పిల్లలు ఆట ఆపి మమ్మల్ని చూడటం మొదలుపెట్టారు. వాళ్ల కోచ్ మేడం, మెడలో విజిల్ వేసుకునే గుజరాతీ ఆవిడ, ఓపిగ్గా వచ్చి, "ఆప్ ఇధర్, ఆప్ ఉధర్" అని మమ్మల్ని మైదానానికి చెరో వైపు కూర్చోబెట్టింది. సీజన్ అయిపోయేదాకా అదే శిక్ష. బడిలో కూడా నన్ను ఇంత దూరం కూర్చోబెట్టలేదు.

నాలుగో మ్యాచ్‌లో నాలుగు పడ్డాయి. ఐదో దాంట్లో మూడు. మేం కొట్టింది మాత్రం ప్రతిసారీ సున్నాయే. చాయ్ బండి దగ్గర పక్క కార్ఖానావాళ్లు, జ్వరం ఎంతుందని అడిగినట్టు, "ఈసారి ఎంత?" అని అడిగేవాళ్లు. మూడని చెబితే, "తగ్గుతోంది, భయం లేదు" అనేవాళ్లు. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండు చాయ్‌లు ఎక్కువ తాగేవాణ్ని. నిజం చెప్పాలంటే ఆ ఐదు ఓటములూ నాకు ఒక రకంగా సుఖంగానే ఉన్నాయి. తిట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటే సాంచ మీద పన్నెండు గంటల పాళీ తొందరగా గడుస్తుంది.

ఆఖరి మ్యాచ్‌కు నాలుగు రోజుల ముందు మా పిల్ల కంచం ముందు కూర్చుని తినకుండా మెతుకులు లెక్కపెడుతోంది.

"ఏమైందే?"

"ప్రిన్సిపాల్ సర్ చెప్పిండు. ఆఖరిది గెలవకుంటే వచ్చే ఏడు హాకీ బంద్. గ్రౌండ్ క్రికెట్‌కిస్తడట."

"అయితే క్రికెట్ ఆడు. పోయేదేమున్నది?"

"నువ్వు సాంచ బంద్ జేసి జిలేబీలు చుట్టు కాకా. రెండిట్ల చేతులే గద తిరిగేటియి."

అది కంచం పక్కకు తోసింది.

"జిల్లా టీముకు పిల్లల్ని స్కూల్ టీముల్నుంచే తీస్కుంటరు. వచ్చే ఏడు చూస్తా అని మేడం చెప్పింది నాకు. టీమే లేకుంటే నన్నెవరు చూస్తరు?"

ఏడు గోల్స్ పడిన రోజు కూడా ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూడలేదు నేను. ఆ రోజు చూశాను. ఆ ఆటలో పోయేది మా పరువు కాదు, దాని ఏడాది అని నాకు అప్పుడు తెలిసింది.

ఇక్కడ మా పని గురించి ఒక ముక్క చెప్పాలి. కార్ఖానాలో సాంచాలన్నీ నడుస్తుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు. అందుకని చేతులతోనే మాట్లాడుకుంటాం. చాయ్‌కి ఒక సైగ, పోగు తెగితే ఒక సైగ, సేఠ్ వస్తున్నాడంటే పొట్ట నిమురుకునే సైగ. ఇళ్లలోనూ అదే అలవాటు. చుట్టాల ముందు నా భార్య నన్ను నోరు విప్పకుండా పది నిమిషాలు తిట్టగలదు. వీటన్నిటి మీదా పెద్దది ఒకటుంది: రెండు చేతులూ తల మీదికెత్తి మణికట్ల దగ్గర అడ్డంగా పెట్టడం. ఎవరి చెయ్యో, ఎవరి కొంగో సాంచను తిప్పే పట్టాలో పడిందని దాని అర్థం. అది చూసినవాడు ఎక్కడున్నవాడు అక్కడ ఆగిపోవాలి. ఎత్తిన కాలు కింద పెట్టకూడదు. మాకు అన్నం డబ్బా తెచ్చే పిల్లలకు గడప దాటకముందే నేర్పేది ఇదే.

ఆఖరి మ్యాచ్ మా మైదానంలోనే, ఇచ్ఛాపూర్ జట్టుతో. వాళ్లూ మాలాగే ఆ ఏడాది గెలుపు మొహం చూడనివాళ్లని తెలిసి మాకు ఆశ పుట్టింది. సగం ఆట వరకు ఎవరికీ గోల్ లేదు. తరువాత దుమ్ములోంచి మామిడి పిందెల చొక్కా ఒకటి దూసుకుపోయింది. బంతి వాళ్ల గోల్‌లో ఉంది. మేం ఎవరం అరవలేదు. ఎట్లా సంబరపడాలో మాకు అలవాటు లేదు. నేనైతే ఎవరో తప్పు చెబుతారేమోనని చాలాసేపు ఎదురుచూశాను.

అవతలి వైపున్న మా బావకు మాత్రం వెంటనే అర్థమైంది. ఇంటి నుంచి తెచ్చిన ఖాళీ నూనె డబ్బా బయటకు తీసి చెక్కముక్కతో వాయించడం మొదలుపెట్టాడు. వాయిస్తూనే ఉన్నాడు. ఇంకో ఐదు నిమిషాల ఆట ఉందనగా అంపైర్ మా కోచ్ మేడం దగ్గరికొచ్చాడు. ఆ డబ్బా మోతకు విజిల్ వినబడటం లేదు, ఆపించకపోతే ఆట ఆపేసి మ్యాచ్ ఇచ్ఛాపూర్‌కు ఇచ్చేస్తానన్నాడు. మేడం నావైపు చూసింది.

"బావా, ఆపు!" అని అరిచాను. నేను కూడా సంబరపడుతున్నాననుకుని బావ ఇంకా జోరు పెంచాడు. ఎగిరాను. చెయ్యి ఊపాను. ఆయనా ఊపాడు. ఇక దారి లేక బెంచీ ఎక్కి రెండు చేతులూ తల మీదికెత్తి అడ్డంగా పెట్టాను.

బావ ఆగిపోయాడు. చెక్కముక్క గాలిలోనే ఉంది.

మా తొమ్మిది మంది పిల్లలూ ఆగిపోయారు. బంతి దగ్గరున్న పిల్ల కర్ర సగం ఎత్తి అట్లాగే ఉంది. ఒకతె ఒంటికాలి మీద ఉంది. గోల్ ముందు మా అన్న బిడ్డ అట్టబొమ్మలా నిలబడి ఉంది. మిగిలిన ఇద్దరికీ సాంచాల సంగతి తెలియదు. ఏమైందని గుజరాతీలో అరుస్తూ వీళ్ల చుట్టూ తిరుగుతున్నారు. ఇచ్ఛాపూర్ పిల్ల ఒకతె బంతి దగ్గరికి అనుమానంగా వచ్చింది. ఎవరూ ఏమనలేదు. మెల్లగా నెట్టుకుంటూ గోల్ దాకా వచ్చి, మా పిల్ల మొహంలోకి ఒకసారి చూసి, తప్పుకోమని అడగడానికి మొహమాటపడ్డట్టుగా బంతిని పక్కనుంచి లోపలికి తోసింది.

అయినా మావాళ్లెవరూ కదల్లేదు. నేను చేతులు దించడం మరిచిపోయాను.

ఒకటి, ఒకటి. అట్లాగే ముగిసింది. ఓడిపోలేదు, కానీ ప్రిన్సిపాల్ అడిగింది గెలుపు.

మూడు రోజులు ఆ పిల్ల నాతో నోటితో మాట్లాడలేదు, చేతితోనూ మాట్లాడలేదు. ఏదైనా ఉంటే నా భార్యకు చెప్పేది: "చిన్నమ్మా, ఆయన్ను జర జరగమను." నా భార్య జరిపేది. జరిపి, "ఎన్నడు లేంది నీ చెయ్యి ఒక పని జేసింది, గది గూడ గిట్ల" అనేది.

నాలుగో రోజు బావను వెంటపెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి పోయాను. బడి ఆఫీసు గడప దగ్గర నా కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగాయి. బావ మెడ పట్టి లోపలికి నెట్టాడు. వచ్చిన హిందీలో జరిగింది చెప్పాను. గోల్ వదిలింది పిల్లలు కాదు, నేను. ప్రిన్సిపాల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేను మైకులో అరిచినా ఈ పిల్లలు ఆగరు. నువ్వు చేయెత్తితే ఆగారా?" అన్నాడు. నవ్వాడు కూడా.

అప్పుడే తిండి గంట కొట్టారు. బడి మొత్తం ఒక్కసారిగా బయటపడింది. చెప్పి నమ్మించే చదువు నాకు లేదు. వరండాలోకి వచ్చి చేతులెత్తి అడ్డం పెట్టాను.

ముందు మావాళ్ల పిల్లలు ఆగారు. వాళ్లను గుద్దుకుని వెనకవాళ్లు ఆగారు. ఏమిటో తెలియక మిగిలినవాళ్లు ఆగారు. ఒకప్పుడు సాంచ నడిపిన బడి ప్యూన్ కెటిల్ వంచినవాడు వంచినట్టే ఉండిపోయాడు. గ్లాసు నిండి చాయ్ బల్ల మీదికి పారుతోంది. నల్లా దగ్గర మా పిల్ల దోసిట్లో నీళ్లతో నిలబడి ఉంది. ఒళ్లంతా కదలకుండా కళ్లతో మాత్రం నన్ను నమిలి మింగుతోంది.

"దించకు, దించకు" అన్నాడు ప్రిన్సిపాల్ నా వెనక నుంచి. "నేనొచ్చిన దగ్గర్నుంచి ఈ బడిలో ఇంత నిశ్శబ్దం వినలేదు."

నేను దించేశాను. ప్యూన్ కెటిల్ ఎత్తాడు. ఈ సైగ మేడంకు నేర్పు, రోజూ ప్రార్థన దగ్గర పనికొస్తుంది అని ప్రిన్సిపాల్ అంటుంటే, జీవితంలో మొదటిసారి ఒక బడి పెద్దకు నేను కాదని చెప్పాను.

"ఊరికే ఎత్తే చెయ్యి కాదు సర్ ఇది. ఇప్పటికే రెండుసార్లు ఉత్తగా ఎత్తాను. ఇంకోసారి ఎత్తితే పిల్లలు నమ్మరు. నమ్మని రోజు కార్ఖానాలో ఎవరి చెయ్యో పోతుంది. మొన్న ఆ పిల్లలు ఆట వదల్లేదు. మేం నేర్పింది చేశారు."

ఆయన మేడంను పిలిపించి, కర్రలు స్టోర్‌లో పెట్టొద్దని, ఇంకో ఏడాది చూద్దామని చెప్పాడు. పోతుంటే నన్ను ఆపి, ఇకనుంచి మ్యాచ్‌లకు వస్తే చేతులు జేబుల్లో పెట్టుకుని కూర్చోవాలన్నాడు. బావ ఏమీ వినబడకపోయినా రెండుసార్లు తలూపాడు.

సాయంత్రం నేను మెట్లు ఎక్కలేదు, ఊరేగాను. మా పిల్ల పిట్టగోడ మీద కాళ్ల ప్యాడ్లు ఆరబెడుతోంది. మేడం అప్పటికే చెప్పినట్టుంది, మొహం వెలుగుతోంది. నన్ను చూసి ఆర్పేసింది.

"సూసినవా? మీ టీమ్‌ను కాపాడింది ఎవరే?" అన్నాను మీసం మీద చెయ్యి వేసి.

అది ప్యాడ్ తిరగేసి దులిపింది. దుమ్మంతా నా మీద పడింది. నాలుగు రోజుల తరువాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"సీజనంత ఆడి మేం పదకొండు మందిమి కలిసి ఒక్క గోల్ కొట్టినం. నువ్వు ఒక్కనివే, కర్ర ముట్టకుండ, బెంచీ మీద నిలబడి ఒకటి కొట్టినవు. వచ్చే ఏడు నువ్వు ఇచ్ఛాపూరోళ్ల దిక్కు కూసో కాకా."